ముప్పై ఆరో బార్

చెల్లి కట్టిన ట్యూన్ నాలుగు నిమిషాలు కూడా ఉండదు. దాన్ని రికార్డ్ చేసి, బేస్, స్ట్రింగ్స్, డ్రమ్స్ చేర్చి ఒక రూపానికి తేవడానికి నాకు మూడు వారాలు పట్టింది. అందులో సగానికి పైగా ఒక్క బార్ (తాళంలో ఒక ఆవర్తనం లాంటిది, ఈ ట్యూన్‌లో నాలుగు బీట్లు) చుట్టూనే తిరిగాను. ముప్పై ఆరో బార్. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా ఆ బార్‌లోని అంకెలన్నీ చెప్పగలను. సీక్వెన్సర్ (సంగీతాన్ని కంప్యూటర్‌లో రికార్డ్ చేసి దిద్దే ప్రోగ్రామ్) ముందు కూర్చునే ఎవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటిసారి రికార్డ్ చేసినప్పుడు నేను ఎప్పుడూ చేసే పద్ధతే పాటించాను. సీక్వెన్సర్‌లో టెంపో 72 (నిమిషానికి 72 బీట్లు) పెట్టాను, ఒక బీట్‌కి 480 టిక్కులు (సమయాన్ని కొలిచే చిన్న ముక్కలు), చెల్లి చెవుల్లో బీట్ చెప్పే క్లిక్. తను కీబోర్డ్ దగ్గర కూర్చుని ట్యూన్ మొత్తం ఒకే టేక్‌లో వాయించేసింది. బాగానే వచ్చింది. ఒకటి రెండు చోట్ల చెయ్యి జారింది కానీ మిడిలో అవి పెద్ద లెక్కలోకి రావు. తప్పు పడిన నోట్‌ని పట్టుకుని పక్క గడిలోకి జరిపితే సరిపోతుంది.

మిడి గురించి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మిడి ట్రాక్‌లో శబ్దం ఉండదు. ఏ కీ నొక్కారు, ఎప్పుడు నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ ఎప్పుడు తొక్కారు, ఎప్పుడు ఎత్తారు. ఇంతే ఉంటుంది. అంటే అందులో మిగిలేది చేతులు, పాదం చేసిన కదలికలు. ఆ కదలికల్ని పియానోకి ఇస్తే పియానోలా, ఫ్లూట్‌కి ఇస్తే ఫ్లూట్‌లా మోగుతాయి. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో చాలా విలువలకి 0 నుంచి 127 వరకే అంకెలు. మధ్య సీ 60. కీ నొక్కిన వేగం, అంటే వెలాసిటీ, కూడా ఆ 127 లోపే. ఇన్ని తక్కువ అంకెల్లో ఒక మనిషి వాయింపు పట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

టేక్ అయిపోయాక చెల్లి వెళ్ళిపోయింది. నేను కూర్చుని, మొత్తం సెలెక్ట్ చేసి, ఎనిమిదో వంతు నోట్లకి క్వాంటైజ్ కొట్టాను. నూటికి నూరు శాతం. అంటే తెర మీద అర బీట్‌కి ఒక గీత ఉంటుంది, ప్రతి నోటూ తనకి దగ్గర్లో ఉన్న గీత మీదకి వెళ్ళి కూర్చుంటుంది. పియానో రోల్‌లో, అంటే నోట్లన్నీ గడుల మీద కనిపించే తెరలో, చూస్తే అన్నీ ఒకే వరసలో, కుట్టు మిషన్ మీద కుట్టినట్టు నీట్‌గా కనిపించాయి. దాని మీద డ్రమ్స్ వేశాను, బేస్ వేశాను. ఎక్కడా ఢీకొట్టుకోలేదు. పని సాఫీగా అయిపోయిందని సంతోషంగా చెల్లికి వినిపించాను.

తను రెండు నిమిషాల దాకా ఏమీ అనలేదు. ముప్పై ఆరో బార్ రాగానే హెడ్‌ఫోన్స్ తీసేసింది.

"అక్కా, ఇక్కడ రెండు కార్డ్‌లు కలిసి మోగుతున్నాయి. నేను ఇలా వాయించలేదు."

"నోట్స్ ఏమీ మార్చలేదే. సర్దానంతే."

"ఏమో మరి. ఎవరో వెనక నుంచి తోసినట్టుంది."

మళ్ళీ విన్నాను. నిజమే. కార్డ్ అంటే కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు. ముప్పై ఐదో బార్‌లో సీ సెవెన్త్ కార్డ్ ఉంది, ముప్పై ఆరులో ఎఫ్ మేజర్‌కి వచ్చి దిగుతుంది. ఆ దిగడం ట్యూన్ మొత్తానికీ గుండెకాయ. అక్కడ ఎఫ్ మోగిన తర్వాత కూడా పాత కార్డ్‌లోని బి ఫ్లాట్ వినిపిస్తోంది, కొత్త కార్డ్‌లోని ఏ పక్కనే, ముల్లులా. పియానో రోల్‌లో చూస్తే మాత్రం ఏ తప్పూ లేదు. నోట్లన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

అప్పుడు ఈవెంట్ లిస్ట్ తెరిచాను. సీక్వెన్సర్‌లో నాకు చాలా ఇష్టమైన చోటు అది. రంగులు, గీతలు ఏమీ ఉండవు. జరిగింది జరిగిన వరసలో, అంకెల్లో ఉంటుంది. క్వాంటైజ్ చేయకముందు వేరే పేరుతో సేవ్ చేసిన ఫైల్ ఉంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను.

చెల్లి వాయించినది ఇలా ఉంది. ముప్పై ఆరో బార్ మొదలైన 52 టిక్కులకి పై ఎఫ్, అంటే 65వ నంబరు నోట్, వెలాసిటీ 71. 60వ టిక్ దగ్గర ఏ, వెలాసిటీ 47. 62 దగ్గర సీ, 50. అన్నిటికన్నా ఆఖరున 66వ టిక్ దగ్గర ఎడమచేతి ఎఫ్, 58. టెంపో 72 అంటే ఒక టిక్ సుమారు 1.74 మిల్లీసెకన్లు. అంటే కింది ఎఫ్ క్లిక్ కన్నా 115 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడింది. పై ఎఫ్ దానికన్నా 24 మిల్లీసెకన్లు ముందు పడింది. పియానో వాయించేవాళ్ళ చేతిలో పైస్వరం ఇలా కాస్త ముందుకు రావడం మామూలే. మెలొడీ వినపడాలని ఆ వేలిని గట్టిగా నొక్కుతారు, గట్టిగా నొక్కిన కీ త్వరగా కిందకి చేరుతుంది. ఇరవై, ముప్పై మిల్లీసెకన్ల ఈ ముందువెనకలని మనం విడిగా గుర్తుపట్టం. పాట మాత్రం పైన తేలుతున్నట్టు వినిపిస్తుంది.

నా క్వాంటైజ్ ఈ నాలుగు నోట్లనీ సున్నా టిక్ మీదకి లాగేసింది. పైస్వరం తేలడం పోయింది. అసలు నష్టం మాత్రం పెడల్ దగ్గర జరిగింది. పెడల్ తొక్కి ఉన్నంతసేపూ వేళ్ళు తీసినా నోట్లు మోగుతూనే ఉంటాయి. మిడిలో అది 64వ కంట్రోలర్. తొక్కితే 127, వదిలితే 0. చెల్లి పాత కార్డ్ మీద తొక్కిన పెడల్‌ని ముప్పై ఆరో బార్‌లో 94వ టిక్ దగ్గర వదిలింది, 170 దగ్గర మళ్ళీ తొక్కింది. వేళ్ళు కొత్త కార్డ్ మీద పడ్డాక రవ్వంత ఆగి పాదం ఎత్తడం పియానోలో అందరూ చేసేదే. అలా చేస్తేనే రెండు కార్డ్‌ల మధ్య ఖాళీ రాదు. తను వాయించినప్పుడు కింది ఎఫ్‌కీ పెడల్ ఎత్తడానికీ మధ్య 28 టిక్కులు, అంటే 49 మిల్లీసెకన్లు. క్వాంటైజ్ నోట్లనే జరిపింది, పెడల్‌ని ముట్టుకోలేదు. దాంతో ఆ 49 కాస్తా 163 మిల్లీసెకన్లయింది. అంతసేపూ సీ సెవెన్త్ మొత్తం ఎఫ్ కింద మోగుతూనే ఉంది. చెల్లి చెవి పట్టుకున్నది దాన్నే.

ఇది చూశాక మిగతా బార్లలో కూడా పెడల్ వరస చూసుకుంటూ పోయాను. నోట్ ఆలస్యంగా పడిన చోట్ల ఇలా మసకబారింది. తొందరగా పడిన చోట్ల దానికి తలకిందులు: నోట్ గీత మీదకి వెళ్ళి ఆలస్యమైంది, పెడల్ మాత్రం పాత టైంకే పైకి లేచింది, మధ్యలో ఖాళీ వచ్చి ఊపిరి తెగినట్టయింది. కాబట్టి పెడల్ వాడిన ట్రాక్‌ని నోట్లు ఒక్కటే పట్టుకుని జరపకండి. జరపక తప్పకపోతే పెడల్ ఈవెంట్లని కూడా సెలెక్ట్ చేసి, అన్నిటినీ ఒకే దూరం జరపండి.

మొదట నాకు తోచిన పరిష్కారం క్వాంటైజ్ బలం తగ్గించడం. వందకి బదులు యాభై శాతం పెడితే నోట్ తన చోటు నుంచి గీత వైపు సగం దూరమే వెళ్తుంది. యాభై, నలభై, ముప్పై, అన్నీ చూశాను. ప్రతిదీ కాస్త తక్కువ తప్పుగా వినిపించిందే తప్ప ఏదీ సరిగ్గా లేదు. ఆఖరికి ఏమీ సర్దకుండా, చెల్లి వాయించినది వాయించినట్టే పెట్టి విన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే అదీ పూర్తిగా నచ్చలేదు. డ్రమ్స్ గీత మీద ఉన్నాయి, పియానో ఆ ఒక్క చోట గీత దాటి పడుతోంది. కలిసి నడుస్తున్న ఇద్దరిలో ఒకరు చెప్పకుండా ఆగిపోయినట్టుంది.

చెల్లికి ఈ అంకెలన్నీ చూపించాను. తను లిస్ట్ చూసి ఒకటే అంది: "క్లిక్ లేకుండా వాయించనా?"

ఆ మాట నాకు ముందే తోచాల్సింది.

రెండోసారి క్లిక్ తీసేసి, సీక్వెన్సర్‌ని మామూలుగా వచ్చే 120 టెంపో మీదే వదిలేసి రికార్డ్ కొట్టాను. తను ఎంతసేపు వాయిస్తే అంతసేపు. ఇలా చేస్తే సీక్వెన్సర్‌లోని బార్‌లకీ పాటలోని బార్‌లకీ ఏ సంబంధం ఉండదు. పియానో రోల్ చూస్తే భయమేస్తుంది, ఒక్క నోటూ గీత మీద ఉండదు. కానీ టిక్కులు అబద్ధం చెప్పవు. 120 టెంపోలో 480 టిక్కులంటే సరిగ్గా అర సెకను. ఏ నోట్ ఎప్పుడు పడిందో కచ్చితంగా తెలుస్తుంది.

ఇక గీతల్ని నోట్ల దగ్గరకి తేవాలి. నోట్లు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి, మనం బార్ గీతల్ని జరుపుకుంటూ వెళ్ళాలి. దీన్నే టెంపో మ్యాప్ కట్టడం అంటారు. చెల్లి తన టేక్ వింటూ, వేరే ట్రాక్‌లో ఒక కింది కీని బీట్‌కి ఒకసారి నొక్కుతూ పోయింది. అలా ఏ బీట్ ఎక్కడుందో దారి దొరికింది. అయితే ఆ తట్టిన నోట్లనే బీట్‌గా తీసుకోకూడదని నా అనుభవం, ఎందుకంటే తట్టే వేలిలో దాని వణుకు దానికి ఉంటుంది. నేను వాటిని దారి చూపే గుర్తులుగా మాత్రమే వాడుకుని, అసలు కొలత ఎడమచేతి బేస్ నోట్ నుంచి తీసుకున్నాను.

లెక్క చాలా సులువు. 120ని 480తో గుణిస్తే 57,600. ఒక బీట్ నుంచి తర్వాతి బీట్‌కి ఎన్ని టిక్కులున్నాయో చూసి, 57,600ని దానితో భాగిస్తే ఆ బీట్ టెంపో వస్తుంది. మొదటి పది బార్లలో దాదాపు అన్ని బీట్లూ 800 టిక్కులు. అంటే 72. క్లిక్ లేకపోయినా తను 72 దగ్గరే ఉంది! అది చూసి నాకు చాలా గర్వంగా అనిపించింది.

తర్వాత ముప్పై ఐదో బార్‌కి వచ్చాను. మొదటి రెండు బీట్లు 800. మూడోది 832, అంటే టెంపో 69 పైచిలుకు. నాలుగోది 900, అంటే 64. ముప్పై ఆరో బార్ మొదటి బీట్, ఆ ఎఫ్ కార్డ్ మోగే బీట్, 960. సరిగ్గా 60. రెండో బీట్ 768కి వచ్చేసింది, 75. ఆ తర్వాత మళ్ళీ 800.

కాగితం మీద రాసుకున్న ఆ అయిదారు అంకెల్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను ముప్పై ఆరో బార్‌లో కార్డ్ ఆలస్యం అనుకున్నాను. అది అక్కడ మొదలవలేదు. రెండు బీట్ల ముందే తను నెమ్మదించడం మొదలుపెట్టింది, కార్డ్ మీద పూర్తిగా నిలబడింది, ఆ వెంటనే కాస్త వేగం పెంచి పోయిన సమయంలో కొంత వెనక్కి తెచ్చుకుంది. క్లిక్‌తో వాయించిన టేక్‌లో ముందున్న రెండు బీట్లనీ క్లిక్ పట్టి ఉంచింది. తను ఆగాలనుకున్నదంతా కార్డ్ దగ్గర ఒక్కచోటే బయటపడింది. అందుకే అది తప్పులా కనిపించింది, నేను తప్పులాగే దిద్దాను.

టెంపో మ్యాప్ కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. మిడి నోట్ల చోటు టిక్కుల్లో ఉంటుంది కాబట్టి, టెంపో మార్చగానే నోట్లు కూడా దానితో పాటు సాగుతాయి, ముడుచుకుంటాయి. ముందుగా ఆ ట్రాక్‌ని బార్‌లకి కాకుండా గడియారానికి కట్టేయాలి. చాలా సీక్వెన్సర్లలో ట్రాక్‌కి టైమ్‌బేస్ అనో మరో పేరుతోనో ఈ సెట్టింగ్ ఉంటుంది. నేను మొదటిసారి అది మరిచిపోయి ఓ గంట పని చేశాక చూసుకుంటే టేక్ మొత్తం మెలితిరిగిపోయి ఉంది. ముందురోజు సేవ్ చేసిన ఫైల్ నన్ను కాపాడింది. అప్పటి నుంచి ప్రతి పెద్ద మార్పుకీ ముందు అంకె పెంచి కొత్త పేరుతో సేవ్ చేస్తున్నాను. ఒక్కో ఫైల్ కొన్ని కిలోబైట్లే, దాచుకోవడానికి లోటేముంది?

ప్రతి బీట్‌కీ టెంపో పెట్టాలా? వద్దు. అలా చేస్తే వేలు తడబడిన చిన్న చిన్న తేడాలన్నీ టెంపోలోకి ఎక్కుతాయి, వాటి వెంట డ్రమ్స్ కూడా వణుకుతాయి. నిలకడగా ఉన్న చోట్ల నాలుగు బార్లకి ఒకటి, మామూలు చోట్ల బార్‌కి ఒకటి పెట్టాను. ముప్పై ఐదు, ముప్పై ఆరు బార్లలో మాత్రమే బీట్‌కి ఒకటి. ఐదు మిల్లీసెకన్ల లోపు తేడాల్ని అసలు పట్టించుకోలేదు. నా కీబోర్డ్ ఇప్పటికీ పాత అయిదు పిన్నుల కేబుల్ మీదే ఉంది. అందులో సెకనుకి 31,250 బిట్లే వెళ్తాయి, ఒక నోట్ మెసేజ్‌కి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. నాలుగు నోట్లు నిజంగా ఒకేసారి నొక్కినా కేబుల్లో ఒకదాని వెనక ఒకటి వరస కట్టాల్సిందే. ఆ వరసలో వచ్చిన తేడాని చెల్లి మనసులోని మాటగా చదవడం తప్పు కదా.

మ్యాప్ పూర్తయ్యాక మిగతా ట్రాకుల పని చకచకా సాగింది. బేస్‌ని గీతకి క్వాంటైజ్ చేశాను, ఇప్పుడు గీతలే చెల్లి వెంట నడుస్తున్నాయి కాబట్టి. డ్రమ్స్ కూడా అంతే, పదో చానెల్లో నోట్ నంబరు 36 అంటే కిక్ (పెద్ద డ్రమ్), 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్ (తాళాల జత). హైహ్యాట్ వెలాసిటీలు మాత్రం చేత్తో ఒక్కొక్కటీ దిద్దాను, బీట్ మీద 80 చిల్లర, మధ్యలో 50 దగ్గర. అన్నీ ఒకే అంకె మీద ఉంటే ఎంత మంచి డ్రమ్ శబ్దమైనా రెండు బార్లలో విసుగొస్తుంది. ముప్పై ఆరో బార్ మొదటి బీట్‌లో కిక్ తీసేశాను. అక్కడ పియానో ఒక్కటే దిగితే చాలనిపించింది.

స్ట్రింగ్స్ ఒక్కటి సతాయించాయి. సరిగ్గా గీత మీదే ఉన్నా వెనకబడినట్టు వినిపించాయి. నోట్ మొదలయ్యాక ఆ శబ్దం నిండుగా రావడానికి కాస్త సమయం తీసుకుంటుంది, అందుకని. నోట్లని కదపకుండా, ట్రాక్ మొత్తం ముందుగా మోగేలా ట్రాక్ డిలేలో మైనస్ 60 మిల్లీసెకన్లు పెట్టాను. ఎక్కిదిగే బిగువు కోసం 11వ కంట్రోలర్, ఎక్స్‌ప్రెషన్. దాన్ని మౌస్‌తో గీస్తే మెట్లు మెట్లుగా వచ్చింది. తర్వాత ట్యూన్ వింటూ కీబోర్డ్ పక్కనున్న చక్రంతో ఒకే ఊపులో రికార్డ్ చేశాను. గీసిన దానికీ తిప్పిన దానికీ పోలికే లేదు.

మధ్యలో ఒక రాత్రి మాత్రం టెన్షన్ పెట్టింది. పియానో క్లిప్‌ని రెండుగా కోశాను. మొదటి ముక్క దగ్గర ఆపి మొదటి నుంచి వేస్తే పియానో అంతా ఒకటే మోత, ఒక్క నోటూ ఆగదు. అన్ని నోట్లూ ఆపమని చెప్పే 123వ మెసేజ్ పంపినా అలాగే ఉంది. కారణం కోసిన చోటే ఉంది. పెడల్ తొక్కిన 127 మొదటి ముక్కలో ఉండిపోయింది, ఎత్తిన 0 రెండో ముక్కలోకి వెళ్ళిపోయింది. పెడల్ తొక్కి ఉన్నంతసేపూ 123 వచ్చినా నోట్లు పెడల్ మీద నిలబడే ఉంటాయి. ముందు 64కి 0 పంపాలి. క్లిప్ ఎక్కడ కోసినా దాని చివర ఒక పెడల్ 0 పెట్టడం ఇప్పుడు నాకు అలవాటైపోయింది.

నిన్న సాయంత్రం పద్నాలుగో వెర్షన్ చెల్లికి వినిపించాను. ఈసారి తనకి ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాను, మొహం చూస్తే నాకే కంగారు. తను కళ్ళు మూసుకుని వింటోంది. ముప్పై ఐదో బార్‌లో బేస్, డ్రమ్స్, స్ట్రింగ్స్ అన్నీ కలిసి నెమ్మదించాయి. కార్డ్ దిగే ముందు చెల్లి కుడిపాదం నేల మీద, లేని పెడల్‌ని తొక్కి ఎత్తినట్టు, కొంచెం కదిలింది.

పాట అయ్యాక హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చి అంది: "అక్కా, బేస్ కొద్దిగా తగ్గించవా?"

తగ్గించాను. వాల్యూమ్ 92 నుంచి 84కి.